రెండు టెలిస్కోపులు, ఒకే మిణుకు

క్వేజార్ వెలుగు గంటగంటకూ మారుతోందని తెలిశాక అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే. మారుతున్నది క్వేజారేనా, లేక దానికీ మనకూ మధ్య దారిలో ఏదైనా కదులుతోందా? దీని మీద రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు పదిహేనేళ్లకు పైగా వాదించుకున్నారు. ఆ వాదనను తేల్చిన ప్రయోగాన్ని పరికరాల లెక్కన చూస్తే చాలా సాదాగా ఉంటుంది. దానికోసం కొత్త టెలిస్కోపు కట్టలేదు, కొత్త రిసీవర్ తయారు చేయలేదు. ఎప్పటినుంచో పనిచేస్తున్న రెండు రేడియో టెలిస్కోపులను, ఒకటి నెదర్లాండ్స్‌లో, రెండోది అమెరికాలో, ఒకే సమయాన ఒకే క్వేజార్ వైపు తిప్పి, రెండుచోట్లా వెలుగు హెచ్చుతగ్గుల గ్రాఫు గీశారు. ఆ రెండు గ్రాఫుల మధ్య ఉన్న కొద్దిపాటి ఎడమే సమాధానం. జేన్ డెనెట్-థోర్ప్, గెర్ డి బ్రైన్ రాసిన ఆ పత్రం 2002 జనవరిలో నేచర్ పత్రికలో అచ్చయింది. అందులోని పనితనం గురించే ఈ వ్యాసం.

ముందు వాదన ఎక్కడ మొదలైందో చూడాలి. 1965లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో విలియం డెంట్ 26 మీటర్ల డిష్‌తో 3సి 273 అనే క్వేజార్ రేడియో వెలుగు మారుతోందని కనిపెట్టారు. అదే ఏడాది సోవియట్ యూనియన్‌లో షోలొమిట్‌స్కీ, సిటిఎ-102 అనే మరో మూలం సుమారు నూరు రోజుల లెక్కన మారుతోందని ప్రకటించారు. అది ఎవరో పంపుతున్న సంకేతమేమోనన్న ఊహతో టాస్ వార్తా సంస్థ ప్రపంచాన్ని కాసేపు ఊపేసింది. ఆ సందడిని పక్కన పెడితే, నెలలూ సంవత్సరాలూ పట్టే మార్పులను అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. క్వేజార్ అంటే దూరపు గెలాక్సీ నడిబొడ్డున మహా కృష్ణబిలం. దాని నుంచి దాదాపు కాంతి వేగంతో చిమ్మే ప్లాస్మా ధారలో కొత్త ముద్ద బయల్దేరినప్పుడు వెలుగు పెరుగుతుంది, అది చెదిరే కొద్దీ తగ్గుతుంది. అవి క్వేజార్ సొంత మార్పులే. ఇప్పటికీ కాలిఫోర్నియాలోని ఓవెన్స్ వ్యాలీ 40 మీటర్ల డిష్ వెయ్యికి పైగా మూలాలను వారానికి రెండేసి సార్లు చూస్తూ ఆ లెక్కలు రాస్తూనే ఉంది.

చిక్కంతా వేగంగా మారే మూలాలతో వచ్చింది. 1980లలో జర్మనీలోని ఎఫెల్స్‌బర్గ్ 100 మీటర్ల డిష్‌తో డేవిడ్ హీషెన్, ఆయనతో పనిచేసిన బృందం కొన్ని మూలాలు ఒక్కరోజులోనే కొద్ది శాతం మారుతున్నాయని చూశారు. 1990ల నడుమ ఆస్ట్రేలియా టెలిస్కోపులకు పికెఎస్ 0405-385 దొరికింది. అది గంట తిరక్కుండానే గణనీయంగా మారుతోంది.

గంటలో మారితే ఏమవుతుంది? ఒక వస్తువు ఈ కొస నుంచి ఆ కొసకు కాంతి చేరడానికి పట్టే కాలం కన్నా తక్కువ సమయంలో మొత్తంగా మారడం సాధ్యం కాదు. గంటలో మారింది అంటే దాని పరిమాణం ఒక కాంతి గంట లోపు. అంత చిన్న చోటు నుంచి అంత వెలుగు వస్తోందంటే అక్కడి తీవ్రత ఊహకు అందదు. రేడియో శాస్త్రజ్ఞులు ఈ తీవ్రతను ఉష్ణోగ్రతలో చెబుతారు. 1969లో కెల్లర్‌మన్, పౌలినీ-టోత్ దీనికి ఒక కప్పు లెక్కగట్టారు. సుమారు లక్ష కోట్ల కెల్విన్లు దాటితే, ఎలక్ట్రాన్లు తాము విడుదల చేసిన రేడియో కిరణాలనే ఢీకొట్టి ఎక్స్-కిరణాలుగా మార్చేస్తూ, చాలా త్వరగా శక్తి పోగొట్టుకుని చల్లబడిపోతాయి. పికెఎస్ 0405-385 మార్పులు దాని సొంతమైతే లెక్క ఈ కప్పుకు నూరు కోట్ల రెట్లు తేలుతుంది. ప్లాస్మా ధార నేరుగా మనవైపే దూసుకొస్తుంటే వెలుగు ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజమే. కానీ ఈ తేడా పూడాలంటే ఆ డాప్లర్ హెచ్చింపు వెయ్యి దాకా ఉండాలి. ఖండాల దూరంలోని డిష్‌లను కలిపి తీసిన చిత్రాల్లో ధారల కదలిక చూస్తే పదుల్లోనే ఉంటుంది.

రెండో వివరణ, అంటే మార్పు దారిలోనే జరుగుతోందన్నది, సులువైనది. నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదు. గాలి పొరలు చేసే అల్లరి చుక్కంత నక్షత్రం మీద తెలుస్తుంది, బిళ్లంత గ్రహం మీద సర్దుకుపోతుంది. గాలి బదులు మన గెలాక్సీలో నక్షత్రాల మధ్య పరుచుకుని ఉన్న పలుచని ప్లాస్మాను పెట్టి చూడండి. అందులోని ఎగుడుదిగుళ్లు రేడియో తరంగాలను కొద్దికొద్దిగా వంచుతాయి. ఎండలో నీళ్ల తొట్టి అడుగున వెలుగు గీతలు కదలాడినట్టు, ఆ తరంగాలు భూమి ఉన్న చోట వెలుగు మడతలుగా పరుచుకుంటాయి. ఆ మడతల గుండా మనం సాగిపోతుంటే క్వేజార్ ఒకసారి ప్రకాశంగా, ఒకసారి మసకగా కనిపిస్తుంది. ఇది కొత్త సూత్రమేమీ కాదు. పల్సార్లు ఇలాగే మిణుకుతాయని అప్పటికే తెలుసు. సూర్యుడి నుంచి వీచే ప్లాస్మా గాలి వల్ల కలిగే ఇలాంటి మిణుకునే మన ఊటీలోని 530 మీటర్ల పొడవైన రేడియో టెలిస్కోపు దశాబ్దాలుగా కొలుస్తోంది.

మరి ఇంత తేలికైన వివరణ ఉండగా వాదన ఎందుకు సాగింది? అడ్డు వచ్చింది ఎస్5 0716+714. 1990లో దాన్ని రేడియోలోనూ మామూలు కాంతిలోనూ కలిపి చూస్తే రెండు మార్పులూ జతగా నడుస్తున్నట్టు కనిపించాయి. మామూలు కాంతిని ఆ పలుచని ప్లాస్మా పట్టించుకునేంతగా వంచలేదు. కాబట్టి మార్పు క్వేజార్‌దేనని ఒక వర్గం పట్టుబట్టింది. రెండు పక్షాల దగ్గరా గట్టి కారణాలున్నాయి. గణితంతో తేలే తగవు కాదిది, కొలిచి చూడాల్సిందే.

ఇప్పుడు ఆ ప్రయోగం ఎంత పొందికగా అమర్చారో చూద్దాం. నెదర్లాండ్స్‌లో డ్రెంథె ప్రాంతపు వెస్టర్‌బోర్క్‌లో 25 మీటర్ల డిష్‌లు 14 తూర్పు పడమరలుగా ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. అమెరికాలో న్యూ మెక్సికో ఎత్తైన మైదానంలో అదే కొలత డిష్‌లు 27తో వి.ఎల్.ఎ. ఉంది. భూమి లోపల నుంచి తిన్నగా గీస్తే రెంటికీ మధ్య దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. క్వేజార్ తనే మారుతుంటే ఆ వార్త రెండుచోట్లకూ కాంతి వేగంతో వస్తుంది. ఎక్కువలో ఎక్కువ తేడా సెకనులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. గంటల మార్పుల్లో అది సున్నా కిందే లెక్క. మార్పు దారిలోని ప్లాస్మాదైతే వెలుగు మడత ముందు ఒక టెలిస్కోపును దాటి, తరువాత రెండోదాన్ని దాటాలి. మడతలు కదిలే వేగం కాంతి వేగం కాదు. భూమి, సూర్యుడు, ప్లాస్మా ఒకదాన్ని బట్టి ఒకటి కదిలే వేగం. అంటే సెకనుకు పదుల కిలోమీటర్లు. అప్పుడు ఆలస్యం నిమిషాల లెక్కలోకి వస్తుంది.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది, ఒకే గ్రాఫు మూడు అవకాశాలకు మూడు వేర్వేరు జవాబులు చెప్పడం. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే మార్పు క్వేజార్‌ది. రెండూ పొంతన లేకుండా పోతే తప్పు వాతావరణానిదో రిసీవర్లదో. రెండూ ఒకేలా ఉండి కొద్దిగా ఎడంగా జరిగితే మిణుకు నక్షత్రాల మధ్యది. ఏ జవాబు వచ్చినా తరువాత సర్దిచెప్పుకునే సందు లేదు. చాలా ప్రయోగాలు ఒక ఊహను బలపరచడంతో సరిపెట్టుకుంటాయి. ఇది మిగతా రెండింటినీ గదిలోంచి బయటకు పంపి తలుపు వేసింది.

మూలాన్ని ఎంచుకోవడంలో రెండో నేర్పు. జె1819+3845 అనే ఈ క్వేజార్‌ను కనిపెట్టిందీ డెనెట్-థోర్ప్, డి బ్రైన్‌లే. 2000లో ప్రకటించారు. గంటల వ్యవధిలో దీని వెలుగు మారే మేర 300 శాతానికి మించుతుంది. వంద సెకన్ల ఆలస్యాన్ని గంటల మార్పులో పట్టుకోవడం మామూలు మూలంతో అయ్యే పని కాదు. చిన్న లెక్క వేసుకుందాం. గంటలో రెట్టింపయ్యే మూలం నిమిషానికి ఒకటిన్నర శాతానికి పైగా పెరుగుతుంది. వంద సెకన్లు ఎడమైతే ఏటవాలు భాగంలో రెండు గీతల మధ్య మూడు శాతం దాకా తేడా వస్తుంది. ఇది ఈ టెలిస్కోపులు హాయిగా కొలవగలిగిన తేడా. అదే రోజుకు కొద్ది శాతం మారే మూలమైతే ఆ తేడా పరికరాల గొణుగుడులో కలిసిపోయేది. గీత శిఖరాల దగ్గర, లోయల దగ్గర ఈ ఎడం కంటికి ఆనదు. ఏటవాలుల్లోనే దాని ఉనికి. అందుకే నిటారుగా ఎక్కి నిటారుగా దిగే మూలం దొరకడమే సగం విజయం. పైగా ఆకాశంలో ఉత్తరంగా ఉండటంతో ఉత్తరార్ధగోళంలోని రెండు టెలిస్కోపులకూ అది గంటల తరబడి కలిసి అందుబాటులో ఉంటుంది.

రెండు దేశాలు, రెండు రకాల ఎలక్ట్రానిక్స్, రెండు వేర్వేరు ఆకాశాలు. ఒకచోటి మబ్బుకు మరోచోటి మబ్బుతో సంబంధం లేదు. అయినా రెండు గీతలూ అచ్చుగుద్దినట్టు ఒకే మెలికలు తిరిగాయి, ఎడంగా జరిగి. ఆ ఎడం నుంచి ప్లాస్మా అడ్డంగా కదిలే వేగాన్ని కూడా లాగారు. అది అనుకున్నదానికన్నా ఎక్కువగా వచ్చింది, ఆ ప్లాస్మా కూడా సౌరకుటుంబానికి బాగా దగ్గరలో ఉందని తేలింది. ఇక్కడ భూమి తిరగడం వాళ్లకు కలిసొచ్చింది. గంటలు గడిచే కొద్దీ రెండు టెలిస్కోపులనూ కలిపే గీత ఆకాశంలో దిశ మారుతూ పోతుంది. ఒకే జత టెలిస్కోపులు ఒక్క రోజులోనే అనేక దిశల్లో నిలబెట్టిన అనేక జతల్లా పనిచేస్తాయి. వేగం ఎంత అన్నదే కాక ఎటువైపు అన్నది కూడా అందులోంచే అడగవచ్చు.

రోజుకు ఒక చుట్టు సరిపోలేదు వీళ్లకు. ఏడాది చుట్టునూ పనిలో పెట్టారు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఏడాదిలో కొంతకాలం ఆ వేగం ప్లాస్మాకు ఎదురు వస్తుంది, కొంతకాలం దాని వెంట నడుస్తుంది. ఎదురు వెళ్లినప్పుడు మడతలు గబగబా దాటిపోతాయి, మిణుకు గంట లోపే పూర్తవుతుంది. వెంట నడిచినప్పుడు అదే మిణుకు గంటల కొద్దీ సాగుతుంది. వెస్టర్‌బోర్క్‌లో ఏళ్ల తరబడి చూస్తే ఈ సాగుడూ కుంచింపూ ఏటా అదే కాలానికి తిరిగి వచ్చింది. కోట్లాది కాంతి సంవత్సరాల అవతలి క్వేజార్ మన పంచాంగం చూసుకుని వేగం మార్చుకోదు కదా. రెండు టెలిస్కోపుల పరీక్షకు ఇది పూర్తిగా వేరైన సాక్ష్యం. అందులో చేసిన పొరపాటు ఇందులోకి రావడానికి దారి లేదు.

దక్షిణాన మరో బృందం ఇదే పనిని ఇంకా క్లిష్టమైన చోట చేసింది. హేలీ బిగ్నాల్, ఆమెతో పనిచేసినవాళ్లు పికెఎస్ 1257-326 అనే క్వేజార్‌ను ఆస్ట్రేలియాలోని నరాబ్రై వద్ద ఉన్న 22 మీటర్ల డిష్‌ల బారుతోనూ, వి.ఎల్.ఎ.తోనూ కలిపి మూడు వేర్వేరు సమయాల్లో చూశారు. మధ్య దూరం పదివేల కిలోమీటర్లకు పైమాటే. దక్షిణాకాశపు మూలం కావడంతో న్యూ మెక్సికోలో అది దిగంతానికి దగ్గరగానే తిరుగుతుంది. అక్కడ అస్తమించబోతున్న సమయానికి ఆస్ట్రేలియాలో అప్పుడే పైకి వస్తుంటుంది. ఉమ్మడిగా దొరికే కొద్ది గంటల్లోనే పని కానివ్వాలి. ఆలస్యం ఎనిమిది నిమిషాల వరకు వచ్చింది. అంత ఎడం ఉంటే గ్రాఫు చూసినవాళ్లెవరికైనా లెక్కలు అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

అసలు కష్టం అక్కడే మొదలైంది. దూరాన్ని ఆలస్యంతో భాగించి వేగం చెప్పేద్దామంటే కుదరలేదు. మడతలు గుండ్రంగా లేవు. వెడల్పుకు పది రెట్లకు మించిన పొడవుతో, ఒకే దిక్కుకు సాగిన చారల్లా ఉన్నాయి. అలాంటి చారలు దాటుతున్నప్పుడు వాటికి అడ్డంగా ఎంత వేగంతో వెళ్తున్నామో తెలుస్తుంది గానీ, వాటి పొడవు వెంట ఎంత జరుగుతున్నామో తెలియదు. జరిగినా జరగకపోయినా కనిపించేది ఒకటే. చారల వెడల్పు చక్కగా తేలిందని, వేగానికి మాత్రం ఒకటి కాక అనేక పరిష్కారాలు సరిపోతున్నాయని ఆ బృందం 2006లో ఉన్నది ఉన్నట్టు రాసింది. ఒక అందమైన అంకె వేసి ముగించడానికి అవకాశం ఉండగా ఆ పని చేయలేదు. చారల పొడవును మాత్రం మరో మార్గంలో అంచనా కట్టారు. రెండుచోట్ల గీతలు ఎడం సరిచేశాక కూడా ఎంత మేరకు పోలిక తప్పుతున్నాయో చూసి, దాని నుంచి రాబట్టారు. చాలామంది గొణుగుడని పారేసే మిగులులోంచి కూడా కొలత తీయడం చేయి తిరిగినవాళ్ల లక్షణం.

ఇంతకీ క్వేజార్ గురించి ఏం తెలిసింది? మిణకాలంటే చిన్నదై ఉండాలి కాబట్టి, మిణుకు తీరు మూలం పరిమాణాన్ని చెబుతుంది. జె1819+3845 వెలుగులో కనీసం 55 శాతం 16 మైక్రో ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధం లోపలి నుంచే వస్తోందని 2000 నాటి పత్రంలోనే లెక్క చూపారు. చంద్రుడి మీద పెడితే అది మూడు సెంటీమీటర్ల కొలత. అదే రేడియో తరంగాల్లో భూమంత వెడల్పున డిష్‌లు పరిచి చూసినా దీనికి పదుల రెట్లు ముతకగానే కనిపిస్తుంది. అయితే ఇది కాంతి గంట కన్నా చాలా పెద్దది. అందుకే తీవ్రత లెక్క కూడా నేలకు దిగింది. వెయ్యి రెట్ల డాప్లర్ హెచ్చింపు అక్కర్లేదు, పదిహేను సరిపోతుంది. పదిహేనంటే ధారల చిత్రాల్లో మామూలుగా కనిపించే సంగతే. ప్లాస్మాను కటకంగా, భూకక్ష్యను యంత్రంగా వాడుకుని మైక్రో ఆర్క్‌సెకన్ల స్థాయిలో చిత్రాలు తీయవచ్చని జాన్-పియెర్ మక్వార్ట్, డేవిడ్ జాన్సీ 2002లో ప్రతిపాదించారు.

ఇది ఒకటి రెండు మూలాల వింత కాదని చెప్పింది మాసివ్ సర్వే. 2002, 2003లలో వి.ఎల్.ఎ.తో 443 చిక్కని మూలాలను నాలుగు విడతలు చూస్తే, సగానికి పైగా కనీసం ఒక విడతలో మిణికాయి. ప్లాస్మా దట్టంగా ఉన్న దిక్కుల్లో మిణుకు ఎక్కువ. కానీ అవి కొద్ది శాతాల మిణుకులు. గంటలో విశ్వరూపం చూపించే జె1819+3845 లాంటివి అరుదు. ఎందుకంటే వాటికి మన గుమ్మం ముందు ప్రత్యేకమైన ప్లాస్మా తెర ఒకటి ఉండాలి.

ఆ తెర శాశ్వతం కాదు. 2006, 2007ల మధ్య ఎప్పుడో జె1819+3845 మిణకడం ఆపేసింది. తెర అంచు మన చూపుదారిని దాటిపోయింది. డి బ్రైన్ మాత్రం చూడటం మానలేదు. పదమూడేళ్ల పరిశీలనలు పోగేసి మక్వార్ట్‌తో కలిసి 2015లో ఆ మూలం పూర్తి కథ రాశారు. రెండేళ్లకు ఆయన కన్నుమూశారు. ఒకే చుక్కను పదమూడేళ్లు చూడటం ఇవాళ ఏ నిధుల కమిటీ ముందు పెట్టినా నెగ్గే ప్రతిపాదన కాదు.

తెర ఎక్కడిదన్న ప్రశ్న మిగిలింది. జె1819+3845 ఆకాశంలో ఎక్కడుందో చూస్తే మనకు బాగా తెలిసిన చుక్క పక్కనే ఉంది: అభిజిత్. 25 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ వేడి నక్షత్రం చుట్టూ ఉన్న ప్లాస్మానే తెర అయి ఉంటుందని మార్క్ వాకర్ బృందం 2017లో వాదించింది. పికెఎస్ 1257-326కూ అలాగే ఒక వేడి నక్షత్రాన్ని జత చూపారు. వాళ్ల లెక్కలో ప్రతి నక్షత్రం చుట్టూ లక్ష దాకా చిన్న వాయు ముద్దలుండాలి. ఆ తరువాత చిత్త నక్షత్రం దగ్గరి పికెఎస్ 1322-110 కూడా మిణుకుతోందని తేలింది. దాని ఏడాది చక్రం చిత్త చుట్టూ ఉండే ప్లాస్మాతో సరిపోతోందని 2019లో బిగ్నాల్ బృందం చూపింది.

అంతలోనే ఆ బొమ్మను తారుమారు చేసే ఫలితం పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడి ఆస్కాప్ టెలిస్కోపులో 12 మీటర్ల డిష్‌లు 36 ఉన్నాయి. ఒక్కసారికి 30 చదరపు డిగ్రీల ఆకాశం పడుతుంది. యువాన్‌మింగ్ వాంగ్ బృందం ఒక్కో మూలాన్ని ఎంచి చూడకుండా ఆ మొత్తం ఆకాశాన్నీ పదేసి గంటలు చూసి, పావుగంటకో చిత్రం చొప్పున విడగొట్టింది. ఆరు వేగపు మిణుకులు దొరికాయి. వాటిలో అయిదు ఆకాశంలో ఒకే గీత మీద ఉన్నాయి. రెండు డిగ్రీల పొడవు, ఒక ఆర్క్‌నిమిషం వెడల్పు. ఆ అయిదు మూలాల ముందూ ఒకే సన్నని ప్లాస్మా పోగు పరుచుకుని ఉంది. దాని ఏడాది చక్రాలను కలిపి లెక్కిస్తే దూరం సుమారు 4 పార్సెక్‌లు, అంటే పదమూడు కాంతి సంవత్సరాలు. నక్షత్రాల చుట్టూ ముద్దలన్న బొమ్మలో ఇంత పొడవైన తిన్నని పోగు ఇమడదు. చల్లని వాయుమేఘం ఒకటి ఏదో ఆకర్షణకు సాగిపోయి ధారగా మారిందని 2021లో ఈ బృందం రాసింది. రెండు బొమ్మల్లో ఒకటి తప్పు కావచ్చు, లేదా తెరలు రెండు రకాలవి కావచ్చు. తేల్చాలంటే ఇలాంటి వరుసలు ఇంకా కావాలి. ప్రతి వరుసకూ కనీసం ఒక ఏడాది చుట్టు చూడాలి. ఆ ఏడాదిని తొందరపెట్టే టెలిస్కోపు ఏదీ లేదు.